చీకటి గది కొలతలు

నారాయణఖేడ్,
9 మే 1993.

చిరంజీవి సంగమేశ్వర్‌ను ఆశీర్వదించి అజ్జి రాసేది.

ఇళ్లల్లో సినిమా గదులు కట్టించుకునేవాళ్లకు మీ దుకాణం యంత్రాలు అమ్ముతుందని పోయినసారి వచ్చినప్పుడు చెప్పావు. ఈ ఉత్తరం ఆ విషయం గురించే. నవ్వకు. నవ్వావని తెలిస్తే నీ చెవి ఏ పక్కనుందో నాకు ఇంకా గుర్తుంది.

మీ కాక బండెప్ప లారీ బోల్తాపడి పధ్నాలుగు నెలలైంది. నడుము కింద స్పర్శ రాలేదు, ఇక రాదన్నారు. దానికి సిద్ధపడ్డాను. కానీ ఉగాది నుంచి వాడికి మాట కూడా పోతోంది. గోడవైపు మొహం పెట్టి పడుకుంటాడు. పూటకు మూడు రొట్టెలు తినేవాడు ఒకటిన్నరకు వచ్చాడు. మనిషికి ఆశ కలిగించాలని డాక్టరు అంటాడు గానీ ఆ మందు ఎక్కడ దొరుకుతుందో చీటీ రాయడు. మొన్న సోమవారం పనిచేసే లక్ష్మవ్వ పక్క దులుపుతూ, "ఏం గావాలె బిడ్డా, నోరు తెరిచి చెప్పరాదు?" అంటే, "పెద్ద తెర మీద సినిమా జూడాలె" అన్నాడు. పది రోజుల్లో వాడి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

బడి ఎగ్గొట్టి టూరింగు టాకీసుకు పోయినందుకు వీణ్ని కొట్టిన చెయ్యే ఇది రాస్తోంది. లారీ అమ్మిన సొమ్ము వాడిదే, వాడికే పెడతాను.

గది పొడవు పద్దెనిమిది అడుగుల రెండు అంగుళాలు, వెడల్పు పదకొండు, ఎత్తు పది. వీధివైపు రెండు కిటికీలు, పెరటివైపు ఒక చిన్నది. తలుపు ఒక్కటే. మంచం ఎడమ గోడకు ఆనుకుని ఉంటుంది. దాన్ని నడిమికి జరపలేం. గోడకు బిగించిన ఇనుప కడ్డీ పట్టుకునే వాడు పక్కకు తిరుగుతాడు.

ప్రొజెక్టరు, తెర, రిసీవరు: మూడింటిలోనూ ఏ రకం తీసుకోవాలో, ఎందుకో రాయి. దుకాణం మాట వద్దు. నా మనవడి మాట కావాలి.

అజ్జి శివగంగమ్మ


హైదరాబాదు,
16 మే 1993.

అజ్జికి శరణు.

నవ్వలేదు. ఉత్తరం చదివి మా మెకానిక్ మల్లప్పకు చూపిస్తే, "కొలతల్ల అంగుళాలు గుడ రాసిన గిరాకి నా సర్వీసుల ఈమె ఒక్కతే" అన్నాడు.

ప్రొజెక్టర్లలో మాకు వచ్చేవి రెండు రకాలు. ఒకటి చిన్నది, ఒకే అద్దం, బొమ్మ నీళ్లు కలిపిన పాలల్లా పలచగా పడుతుంది. రెండోది మూడు అద్దాలది. ఎరుపు, పచ్చ, నీలం వేరువేరుగా వెళ్లి తెర మీద కలుస్తాయి. యాభై కిలోల బరువు. ఒకసారి బిగించాక కదపకూడదు. కాకకు రెండోదే మంచిది. కానీ దాని వెలుగు కూడా తక్కువే, గది చీకటిగా ఉండాలి. పగలు చూడాలంటే కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి.

తెరల్లో గాజుపూసల పొడి అద్దినది బాగా మెరుస్తుంది, అందరూ దాన్నే అడుగుతారు. ఇంకోటి మామూలు తెల్ల తెర. రిసీవరంటే వీసీఆర్ నుంచి, డిష్ నుంచి వచ్చే శబ్దం తీసుకుని స్పీకర్లకు పంచే పెట్టె. మూడు స్పీకర్లది ఉంది, ఐదుది ఉంది. ఐదుదైతే వెనక నుంచి కూడా చప్పుడొస్తుంది.

మన ఖేడ్‌లో కరెంటు సంగతి తెలుసు కాబట్టి చిన్న జనరేటరు కూడా కావాలి. అది గదికి దూరంగా, పెరట్లో బావి గట్టు పక్కన పెడతాను.

తెర, రిసీవరు నువ్వే చెప్పు. నేను చెప్పినా చివరికి నువ్వన్నదే అవుతుంది.

సంగమేశ్వర్


నారాయణఖేడ్,
23 మే 1993.

చిరంజీవి సంగమేశ్వర్‌కు,

గాజుపూసల తెర వద్దు. నీ ఉత్తరం అందిన రోజే స్టీలు పళ్లెం ఒకటి, తెల్ల పంచె ఒకటి గోడకు వేలాడదీసి టార్చి వేసి చూశాను. పళ్లెం ఎదురుగా నిలబడితే కళ్లు చెదిరాయి, మంచం దగ్గరికి వచ్చేసరికి మసిబారింది. పంచె ఎక్కడి నుంచి చూసినా ఒక్కలాగే ఉంది. మెరిసే తెర నడిమిన కూర్చునేవాడికి. మనవాడు పక్కన పడుకుంటాడు. మామూలు తెల్ల తెర తీసుకురా.

రిసీవరు మూడు స్పీకర్లది చాలు. వెనక నుంచి చప్పుడొస్తే వాడు తిరిగి చూడలేడు. అది వాడికి గుర్తుచేయడం ఎందుకు?

ప్రొజెక్టరు నువ్వన్నదే.

జూన్ మొదటి వారంలో రా. నీ కాకకు చెప్పాను. "నిజమేనా అవ్వా?" అన్నాడు. నేను అబద్ధం చెప్పగా ఎప్పుడు విన్నావురా అన్నాను. ఆ పూట రెండు రొట్టెలు తిన్నాడు.

అజ్జి


నారాయణఖేడ్,
24 జూన్ 1993.

చిరంజీవి సంగమేశ్వర్‌కు,

నువ్వు బిగించి వెళ్లాక పదహారు రోజుల్లో పన్నెండు సినిమాలు చూశాం. అందులో చూడదగినవి మూడు. మీ కాక మాత్రం పన్నెండూ బాగున్నాయంటాడు. గడ్డం గీయించుకుంటున్నాడు. పాత క్లీనరు చంద్రప్ప వచ్చి కూర్చుంటే లారీ రోజుల సంగతులు చెబుతున్నాడు. నిన్న మూడో రొట్టె అడిగాడు. లక్ష్మవ్వ కళ్లు ఒత్తుకుంటూ కాల్చింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

లక్ష్మవ్వకు ప్రొజెక్టరంటే భయభక్తులు. "మూడు కండ్లున్నయి, ఇగ శివుడే" అని రోజూ దాని ముందు చెప్పులు విడుస్తుంది. బొమ్మ ఆడుతుంటే లోపలికి రాదు.

ఒక్కటే చిక్కు. కరెంటు పోయి జనరేటరు వేస్తే దాని మోత పెరటి కిటికీలో నుంచి వచ్చి మాటల్ని మింగేస్తోంది. నిన్న మీ కాక, "డైలాగు జెప్పేది హీరోనా, జనరేటరా?" అని తలగడ విసిరేశాడు. వాడు కోపం తెచ్చుకోవడం నాకు సంతోషమే గానీ చిక్కు చిక్కే. పైగా వానలు మొదలయ్యాయి, యంత్రం తడుస్తోంది. ఏం చేయాలో రాయి.

అజ్జి


హైదరాబాదు,
1 జులై 1993.

అజ్జికి శరణు.

మూడో రొట్టె సంగతి చదివి దుకాణంలో అందరికీ చాయ్ తాగించాను.

రిసీవరు మీద నడిమి స్పీకరుది వేరే మర ఉంది. దాన్ని రెండు గీతలు పెంచు, మాటలు పైకి వస్తాయి. జనరేటరు మీద నాలుగు కర్రలు పాతి రేకు వేయించు. చోటు మాత్రం మార్చకు, అక్కడే ఉండనీ.

దుకాణంలో పని ఎక్కువైంది. దసరాకు వస్తాను.

సంగమేశ్వర్


నారాయణఖేడ్,
22 జులై 1993.

చిరంజీవి సంగమేశ్వర్‌కు,

ప్రొజెక్టరులో ఏదో లోపం ఉన్నట్టుంది. పరీక్షించి చెప్పాలి.

ఈ నెల మొదటి నుంచి సినిమా చూశాక మీ కాకకు తలనొప్పి వస్తోంది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నాకూ కణతలు పోటు పెడుతున్నాయి, కానీ నేను గంటలో లేచి వంటింట్లోకి పోతాను కాబట్టి తగ్గిపోతుంది. వాడు లేచి పోలేడు. పదిహేనో తేదీన సినిమా మధ్యలో నిద్రపోయాడు. ఎంత తట్టినా లేవలేదు, పావుగంటకు కళ్లు తెరిచి ఇప్పుడు పొద్దునా సాయంత్రమా అని అడిగాడు. డాక్టరు చూసి రక్తపోటు బాగుందన్నాడు, తెరకు దగ్గరగా చూడొద్దన్నాడు. పన్నెండు అడుగులు దగ్గరా?

అన్నిరోజులూ రాదు. కొన్ని రోజులు మూడు గంటలు చూసినా ఏమీ ఉండదు. అదే నాకు అంతుబట్టడం లేదు.

లక్ష్మవ్వ కొత్త పాట ఎత్తుకుంది. "అమ్మా, గా అర్రల గాలి మంచిగ లేదు" అంటుంది. వాడికి గాలి సోకిందట. వాళ్ల ఊరు బోరంచలో నల్లపోచమ్మకు మొక్కాలట. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు చదువు చెప్పిన ఇంట్లో దయ్యాల మాట వినాల్సి వచ్చింది. "లక్ష్మవ్వా, దయ్యం కరెంటు ఉన్ననాడు రాదా?" అని కూడా ఎగతాళి చేశాను. ఎందుకంటే అది భయపడేది జనరేటరు వేసిన రోజుల్లోనే. ఆ మోతకు బెదురుతోంది.

పైగా సినిమా నడుస్తుంటే బయటి నుంచి పెరటి కిటికీ తెరుస్తోంది, గాలి పోవాలని. వెలుగు పడి బొమ్మ వెలిసిపోతోంది. మీ కాక కేకలు.

అజ్జి


హైదరాబాదు,
29 జులై 1993.

అజ్జికి శరణు.

మూడు రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోకపోతే అంచులు రెండుగా కనబడతాయి, కళ్లు గుంజి తల నొస్తుంది. తెల్ల అక్షరాల పక్కన ఎర్ర గీత కనబడుతోందా చూడు. కనబడితే వెనక మూత కింద ఉన్న మరలను ఎలా తిప్పాలో వేరే కాగితం మీద బొమ్మ గీసి పంపుతున్నాను. వెలుగు మరీ ఎక్కువ పెట్టొద్దు. ఒక్కో సినిమా మధ్యలో పది నిమిషాలు ఆపు.

తలనొప్పి వచ్చిన తేదీలు నువ్వు రాసిపెట్టే ఉంటావు. పంపితే మల్లప్పకు చూపిస్తాను.

ఇంకోటి. జనరేటరు నేను పెట్టిన చోటే ఉంది కదా?

సంగమేశ్వర్


నారాయణఖేడ్,
16 ఆగస్టు 1993.

చిరంజీవి సంగమేశ్వర్‌కు,

ఎర్ర గీత లేదు. మూడు రంగులు సూది మొన మీద నిలిచినట్టు ఉన్నాయి. కాబట్టి నీ లెక్క తప్పు.

తలనొప్పి, వాంతి, మత్తు వచ్చిన తేదీలు: జులై 3, 7, 8, 15, 19, 27, ఆగస్టు 2, 6, 12, 14. చివరి రెండూ మిగతావాటి కన్నా చెడ్డవి. పన్నెండున చేతులు కూడా లేవలేదన్నాడు. పధ్నాలుగున నన్ను చూసి "ఎవలు?" అన్నాడు. అరగంట తర్వాత తనే నవ్వి, "మస్తు పరేషాన్ జేసినానే అవ్వా?" అన్నాడు.

సినిమాలు ఆపేద్దామన్నాను. గోడవైపు తిరిగాడు. ఆ వీపు నేను మళ్లీ చూడలేను, సంగూ. ఆపలేదు.

జనరేటరు బయటే ఉంది.

అయితే అది కిరసనాయిలు మరీ ఎక్కువ తాగుతోందా అని నా అనుమానం. పోసిన తేదీలు రాస్తున్నాను, మల్లప్పను అడిగి చెప్పు. జులై 3న రెండు లీటర్లు, 7న ఒకటిన్నర, 8న రెండు, 15న రెండున్నర, 19న ఒకటి, 27న రెండు. ఆగస్టు 2న రెండు, 6న ఒకటిన్నర, 12న రెండు, 14న రెండు. ఇది న్యాయమైన ఖర్చేనా?

లక్ష్మవ్వను పదకొండో తేదీన పంపించేశాను. చెప్పకుండా పెరటి కిటికీకి నిమ్మకాయ కట్టింది, రెక్క మూతపడకుండా రాయి పెట్టింది. తీసెయ్యమంటే, "నన్ను కొట్టు అమ్మా, కిటికీ మాత్రం ముయ్యకు. గాలి ఆడనియ్యి" అని కాళ్ల మీద పడింది. నా ఇంట్లో మూఢత్వానికి చోటు లేదన్నాను. నెల జీతం చేతిలో పెట్టి బోరంచ బస్సు ఎక్కించాను. కిటికీకి చెక్క అడ్డం పెట్టి మేకులు కొట్టించాను. ఇప్పుడు బొమ్మ చక్కగా పడుతోంది. జనరేటరు మోత కూడా తగ్గింది.

ఇల్లు మాత్రం బోసిగా ఉంది.

అజ్జి


హైదరాబాదు,
గురువారం, 19 ఆగస్టు 1993, మధ్యాహ్నం.

అజ్జీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది తపాలాలో వేయడం లేదు. ఖేడ్ బస్సు డ్రైవరు మొగులయ్య చేతికి ఇస్తున్నాను. అందగానే జనరేటరు ఆపు. ఆపాక మిగతాది చదువు.

నువ్వు రాసిన రెండు వరుసల తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. ఒక్కటి కూడా తేడా లేదు. నేను చూశాను, నమ్మక మల్లప్పకు ఇచ్చాను. ఆయన కాగితం కింద పెట్టి, "ముసలామె ఇంట్ల గీ మిషన్ ఏడున్నది?" అన్నాడు. బయటే ఉందట అన్నాను. "బయట ఉంటే గిట్ల గాదు. ఇగ జల్దీ పంపు ఖబరు" అన్నాడు.

ఇంజను పొగలో ఒక విషవాయువు ఉంటుందట. రంగు లేదు, వాసన లేదు, కంటికి కనబడదు. మూసిన చోట నిండితే ముందు తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత మత్తు. లేచి బయటికి నడిచినవాళ్లు బతుకుతారు. ఇదంతా మల్లప్పకు పాతికేళ్లుగా తెలుసు. తననెవరూ అడగలేదట, అందుకే చెప్పలేదన్నాడు. మనది వదిలేస్తే, ఈ ఏడాది నా చేతులతో తొమ్మిది ఇళ్లల్లో సినిమా గదులు బిగించాను. ఆరింటికి జనరేటర్లున్నాయి. ఒక్క ఇంట్లోనూ ఈ మాట చెప్పలేదు. దూరంగా పెట్టమన్నది కూడా మోత కోసమే అనుకున్నాను.

నీ మాట మీద రెండోసారి అడగడం నాకు చిన్నప్పటి నుంచీ తెలియదు. ఇప్పుడు అడుగుతున్నాను. జనరేటరు ఎక్కడుంది అజ్జీ?

మేకులు పీకించు. లక్ష్మవ్వను పిలిపించు. శనివారం తెల్లవారి మొదటి బస్సుకు వస్తున్నాను.

సంగమేశ్వర్


నారాయణఖేడ్,
శుక్రవారం, 20 ఆగస్టు 1993, మధ్యాహ్నం.

చిరంజీవి సంగమేశ్వర్‌కు,

మొగులయ్య నీ ఉత్తరం నిన్న రాత్రి తెచ్చి ఇచ్చాడు. మీ కాక అప్పటికి లేడు.

నిన్న రెండుంబావుకు సినిమా మొదలుపెట్టాం. రెండున్నరకు కరెంటు పోయింది. నేనే జనరేటరు వేయించాను. వాడు, "అవ్వా, ఇయ్యాల మాటలు మంచిగ ఇనబడ్తున్నయి" అన్నాడు. అవే చివరి మాటలు. మూడింటికి నాకు కడుపులో తిప్పి వంటింట్లోకి వెళ్లి నేల మీద ఒరిగాను. లేచి చూస్తే నాలుగుంబావు. లోపల సినిమా ఇంకా ఆడుతోంది.

డాక్టరు వచ్చి నిద్రలో గుండె ఆగిందన్నాడు, కష్టపడకుండా పోయాడన్నాడు. చూడవచ్చినవాళ్లు మొహంలో కళ తప్పలేదన్నారు. నిజమే, చెక్కిళ్లు గులాబీ రంగుగా, పెళ్లికొడుకులా ఉన్నాడు. నీ ఉత్తరం వచ్చాక అది పట్టుకుని మళ్లీ డాక్టరు ఇంటికి పోయాను. ఆయన రెండుసార్లు చదివాడు. ఆ ఎరుపు కళ కాదని, ఆ విషవాయువు పట్టిన గుర్తని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "ఇప్పుడు గివన్ని ఎందుకమ్మా, పెద్దమనిషివి" అన్నాడు. గుండె ఆగిందని రాసిన కాగితం ఆయన ముందే పెట్టి, సరిగా రాయమని కూర్చున్నాను. రాశాడు. ఆ కాగితం పోలీసు స్టేషనులో నేనే ఇచ్చి వచ్చాను. వాళ్లు చేయవలసినవి చేశారు. పదకొండింటికి మట్టిలో పెట్టాం.

నీ ప్రశ్నకు జవాబు. జూన్ 28న వానకు తడుస్తోందని, మోత తగ్గుతుందని, జనరేటరును గది వెనక కట్టెల కొట్టులోకి జరిపించాను. కొట్టు తలుపుకు గోనె పట్టాలు కట్టాను. తీగ కోసం గోడకు పెట్టిన కన్నం ఆ పక్కనే ఉంది. నువ్వు చోటు మార్చొద్దని రాసిన ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. అప్పటికే మార్చానని చెప్పుకోలేకపోయాను. కొట్టు కూడా గదికి బయటే కదా అనుకుని, బయటే ఉందని రాశాను. నా బడి పిల్లలెవరైనా అలాంటి జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని.

లక్ష్మవ్వ పొద్దున వచ్చింది. రోకలితో మేకుల చెక్క ఊడగొట్టి, "ఇప్పుడన్న తెర్వనియ్యమ్మా" అంది. ఆమె గాలి అన్నప్పుడు నాకు దయ్యమే వినబడింది. ఆమెకూ దయ్యమే. అయినా ఆమె కిటికీ తెరిచింది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి మూశాను.

తప్పు నీదని ఏడుస్తూ వస్తావని నాకు తెలుసు. ఈ ఉత్తరం మొగులయ్య చేతికే ఇస్తున్నాను, రాత్రికి అందుతుంది. శనివారం బయలుదేరకు. నా దగ్గర నీకు పనేమీ లేదు. మట్టి ఇవ్వడానికి నీ కోసం ఆగకపోవడం కూడా అందుకే.

జనరేటర్లున్న ఆరిళ్లకు వెళ్లు. ఈ ఉత్తరం అందిన రాత్రే మొదలుపెట్టు, ఆరూ అయ్యాకే ఇక్కడికి రా. ఎవరితోనూ వాకిట్లో నిలబడి మాట్లాడకు, ఉత్తరం ముక్క రాసి ఊరుకోకు. జనరేటరు ఎక్కడుందని అడగకు. వెనక్కి నడిచి, తలుపులు తీసి, నీ కళ్లతో చూడు. అడిగితే బయటే ఉందంటారు. మర్యాదస్థులే అలా అంటారు. నేనూ అన్నాను.

అజ్జి శివగంగమ్మ